గీత లేని బ్లాక్ అండ్ టాన్: యింగ్లింగ్ సీసా రుచి

బ్లాక్ అండ్ టాన్ అనగానే బీరు ప్రియులకు ముందుగా గుర్తొచ్చేది గ్లాసులో కింద లేత రంగు, పైన నలుపు, ఆ రెంటి మధ్య గీత గీసినట్టు నిలిచే సరిహద్దు. బార్‌లో పేల్ ఏల్ అనే లేత రంగు బీరుతో సగం గ్లాసు నింపి, చెంచాను బోర్లించి, దాని మీదుగా స్టౌట్ అనే నల్ల బీరును మెల్లగా జారవిడుస్తారు. నల్లగా, చిక్కగా కనిపిస్తుంది కాబట్టి స్టౌటే బరువైనదని అనుకుంటాం గాని, గిన్నిస్ డ్రాఫ్ట్ వంటి స్టౌట్ సాంద్రత పేల్ ఏల్ సాంద్రత కంటే తక్కువ, అందుకే అది పైన తేలుతుంది. సీసాలో వచ్చే బ్లాక్ అండ్ టాన్‌కు ఈ ముచ్చట లేదు. రెండు బీర్లనూ ముందే కలిపి మూత బిగించాక ఆ గీత మళ్ళీ ఏర్పడదు. కంటికి దక్కవలసినది పోయాక నాలుకకు ఏం మిగిలిందో చూద్దామనే ఆరు సీసాల పెట్టె ఒకటి తెచ్చుకున్నాను.

పెన్సిల్వేనియాలోని పాట్స్‌విల్ పట్టణంలో 1829లో మొదలై, అమెరికాలో నేటికీ నడుస్తున్న బ్రూవరీలన్నిటిలోనూ పాతదిగా పేరున్న యింగ్లింగ్ సంస్థ ఈ బీరును 1986లో విడుదల చేసింది. నిజానికి ఇందులో స్టౌటూ లేదు, పేల్ ఏలూ లేదు. పోర్టర్ అనే ముదురు రంగు తరహాలో తాము చేసే డార్క్ బ్రూడ్ పోర్టర్‌ను 60 శాతం, పిల్స్‌నర్ అనే లేత రంగు తరహాకు చెందిన ప్రీమియం బీరును 40 శాతం కలుపుతారు. ఆల్కహాలు 4.7 శాతం. పేరు చూసి గిన్నిస్ మందాన్ని ఆశించేవారు ఈ నిష్పత్తిని ముందే మనసులో పెట్టుకుంటే నిరాశపడే అవసరం ఉండదు.

గ్లాసును వాలుగా పట్టుకుని పోస్తే బీరు దాదాపు నల్లగానే దిగుతుంది. దీపానికి అడ్డంగా ఎత్తి చూసినప్పుడు మాత్రం అడుగు అంచున దానిమ్మ గింజ ఎరుపు ఒకటి వెలుగుతుంది, నాకు అది బాగా నచ్చింది. వేలెడు మందాన లేత గోధుమరంగు నురగ కట్టింది గాని రెండు మూడు నిమిషాల్లోనే కుంగిపోయి గ్లాసు గోడ చుట్టూ సన్నని వలయంగా మిగిలింది.

మొదటి సీసాను ఫ్రిజ్‌లోంచి తీసిన మరుక్షణమే తాగడం నేను చేసిన పొరపాటు. అంత చలువలో పోర్టర్ నోరు విప్పలేదు. నాలుకకు తగిలింది లేత బీరు ఒక్కటే: చురుకైన గ్యాసు, ధాన్యపు పలచని తీపి, వెనక వచ్చీ రానట్టుండే చేదు. రంగు ఒకటి చెబుతుంటే రుచి మరొకటి చెబుతున్నట్టు అనిపించి, ఇది నల్లరంగు పూసుకున్న మామూలు లాగర్ అని తేల్చేయబోయాను. సగం గ్లాసు మిగిలి ఉండగా ఫోను రావడంతో లేచి వెళ్ళి, పావుగంట తర్వాత తిరిగి వచ్చి తాగితే అదే గ్లాసులో వేరే బీరు ఉంది. ముందు ముదురు పాకం వాసన, దాని వెంటే చల్లారిన కాఫీ డికాక్షన్ చేదు, గుటక దిగాక వేయించిన ధాన్యపు పొట్టులో ఉండే కొద్దిపాటి వగరు. గ్యాసు తగ్గడంతో బీరు నాలుక మీద కాస్త నిలిచింది కూడా. బార్ గ్లాసులో ఒకదాని మీద ఒకటి కనిపించే రెండు బీర్లు ఈ సీసాలో ఒకదాని తర్వాత ఒకటి పలుకుతాయి, చలువ ఉన్నంతసేపు లేతది, వేడెక్కేకొద్దీ నల్లది. ఆ రాత్రి నుంచి సీసాను ఇరవై నిమిషాల ముందే బల్ల మీదికి చేర్చడం అలవాటు చేసుకున్నాను.

ఈ కలయికలో ప్రీమియం బీరు పాత్ర ఏమిటో తెలుసుకోవడానికి మరో రోజు అదే సంస్థ పోర్టర్‌ను పక్కన పెట్టుకుని తాగి చూశాను. విడిగా తాగిన పోర్టర్‌లో కాఫీ చేదు గొంతు దాకా సాగుతుంది. కలిపినదానిలో అది మధ్యలోనే తెగి, నోరు శుభ్రమై, రెండో గుటకకు చెయ్యి తనంతట తానే వెళ్తుంది. దీన్ని పలచదనం అనేవారు ఉంటారు. చలికాలం రాత్రి ఒక్క గ్లాసుతో గంటసేపు కూర్చోదలచినప్పుడు నేనూ పోర్టర్‌నే ఎంచుకుంటాను గాని, నిప్పుల మీద కాల్చిన మాంసంతో తాగడానికి మాత్రం ఈ తెగే గుణమే మేలు. మాంసం అంచున మాడిన భాగం బీరులోని వేయించిన రుచితో కలుస్తుంది, కొవ్వును గ్యాసు కడిగేస్తుంది.

పెట్టె అయిపోయాక విడిగా కొన్న ఒక సీసా మాత్రం దెబ్బతీసింది. దుకాణంలో ఎండ పడే కిటికీ పక్క అరలో ఎన్నాళ్ళుగా ఉందో గాని, మూత తీయగానే తడిసిన అట్టపెట్టె వాసన కొట్టింది. గోధుమరంగు గాజు వెలుతురును చాలావరకు ఆపుతుంది, వేడిని ఆపలేదు. తయారీదారును తప్పుపట్టే పని కాదు, నేనే చల్లని అర నుంచి తీసుకుని ఉండవలసింది.

పేరు గురించి ఒక మాట. 1920లో ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటాన్ని అణచడానికి బ్రిటన్ అక్కడి పోలీసు దళంలోకి చేర్చుకున్న మనుషులను, వాళ్ళు వేసుకున్న రెండు రంగుల దుస్తులను బట్టి బ్లాక్ అండ్ టాన్స్ అనేవారు. వాళ్ళు సాగించిన దౌర్జన్యాల జ్ఞాపకం ఐర్లండ్‌లో ఇంకా పచ్చిగానే ఉంది కనుక అక్కడి పబ్‌లో ఈ పానీయం కావాలంటే హాఫ్ అండ్ హాఫ్ అని అడగడమే మర్యాద. యింగ్లింగ్ వారు కూడా తమ బీరును వర్ణించేటప్పుడు ఇంగ్లండ్ పద్ధతి హాఫ్ అండ్ హాఫ్‌కు నమూనా అనే చెబుతారు, సీసా మీద పేరు మాత్రం పాతదే.

రెండో పెట్టె తెచ్చాను. అందులో నాలుగు ఫ్రిజ్‌లో అడుగు అరలో ఉన్నాయి, ఒకటి ఇప్పుడు బల్ల మీద చెమట పట్టి ఉంది. ఇంకో పది నిమిషాలు ఆగాలి.