బెర్లిన్‌లో కారు లేని కాపురం: ఏళ్ల తరబడి రైలు, ట్రామ్, బస్సు ఎక్కాక నా అభిప్రాయం

మాకు బెర్లిన్‌లో కారు లేదు. ఆఫీసుకు వెళ్లడం, పాపను కీటాలో (చిన్నపిల్లల్ని చూసుకునే బడి) దింపడం, సరుకులు తెచ్చుకోవడం, ఊరి నుంచి అమ్మానాన్న వస్తే తిప్పి చూపించడం, అన్నీ ఇన్నేళ్లుగా రైళ్లు, ట్రాములు, బస్సుల మీదే నడుస్తున్నాయి. చదువుకో ఉద్యోగానికో కొత్తగా వచ్చే మన పిల్లలు ఇల్లు వెతుక్కునేటప్పుడు నన్ను తప్పకుండా అడుగుతారు: "అక్కా, కారు లేకపోతే ఇబ్బందా?" ఇబ్బంది లేదు. కాకపోతే ఏ టికెట్ తీసుకుంటున్నారు, ఇల్లు ఎక్కడ తీసుకుంటున్నారు అన్నవి రెండూ సరిగ్గా చూసుకోవాలి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బెర్లిన్ రైళ్లు అన్నిసార్లూ టైముకు రావు. జర్మనీ అంటే నిమిషం అటూ ఇటూ కాదనుకుని వచ్చినవాళ్లకు మొదటి చలికాలంలోనే సంగతి తెలుస్తుంది. అయినా నాకు ఈ ఏర్పాటు మీద గట్టి నమ్మకం. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి దాదాపు ఎప్పుడూ ఉంటుంది, దానికి మళ్లీ టికెట్ కొనక్కర్లేదు.

భూమి లోపల నడిచేది యూ-బాన్, అంటే మెట్రో. 1902లో మొదలైంది, ఇప్పుడు తొమ్మిది లైన్లు ఉన్నాయి. మొదట కట్టిన భాగంలో చాలావరకు క్రోయిత్స్‌బెర్గ్ మీదుగా ఇనుప వంతెనల మీద వెళ్తుంది. ఊరినీ శివార్లనూ కలిపేది ఎస్-బాన్. మన ఎంఎంటీఎస్ లాంటిదే, కానీ రైళ్లు చాలా ఎక్కువ. ఇవి కాక ట్రాములు, బస్సులు, సరస్సుల మీద పడవలు. నడిపే సంస్థలు వేరువేరు, టికెట్ మాత్రం ఒక్కటే. హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ దిగి మెట్రో ఎక్కాలంటే ఒక టికెట్, అక్కడి నుంచి సిటీ బస్సుకు ఇంకో టికెట్ కొన్నవాళ్లకు ఈ ఒక్క మార్పు ఎంత హాయో వెంటనే అర్థమవుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. హెర్మన్‌స్ట్రాస్సె నుంచి అలెక్సాండర్‌ప్లాట్స్‌కు వెళ్లాలంటే యూ-బాన్‌లో యూ8 లైను ఎక్కితే చాలు, రైలు మారక్కర్లేదు. ఏదో ఒక కారణంతో యూ8 ఆగిపోయిందనుకోండి. అదే స్టేషన్లో ఎస్-బాన్ ప్లాట్‌ఫామ్‌కి వెళ్లి ఊరి చుట్టూ తిరిగే రింగ్ రైలు ఎక్కి ఓస్ట్‌క్రోయిత్స్‌లో దిగి, అక్కడ ఏ ఎస్-బాన్ సెంటర్‌కు వెళ్తుంటే అది ఎక్కితే అలెక్సాండర్‌ప్లాట్స్ వచ్చేస్తుంది. కొన్ని నిమిషాలు ఎక్కువ పడతాయి, అంతే. ఇలాంటి రెండో దారి మీ రోజువారీ ప్రయాణానికి ఏదో ఒకటి తెలిసి ఉంటే టెన్షన్ సగం తగ్గిపోతుంది.

ఇప్పుడు టికెట్ సంగతి. ఊరిని ఏ, బీ, సీ అని మూడు జోన్లుగా విడగొట్టారు. రింగ్ రైలు లోపలిది ఏ, అక్కడి నుంచి నగరం హద్దు దాకా బీ, హద్దు దాటితే సీ. ఎయిర్‌పోర్టు సీలో ఉంది. పక్క ఊరు పోట్స్‌డామ్ కూడా సీయే. ఏబీ సింగిల్ టికెట్ 2026లో 4 యూరోలు, రెండు గంటలు చెల్లుతుంది. ఆ రెండు గంటల్లో ఎన్ని బళ్లయినా మారవచ్చు, కానీ వెళ్లిన దారినే తిరిగి రాకూడదు. దగ్గర దూరాలకు 'కుర్త్స్‌ష్ట్రెకె' అని చౌక టికెట్ ఉంది: రైల్లో మూడు స్టేషన్లు, లేదా బస్సులోనో ట్రాములోనో మారకుండా ఆరు స్టాపులు. కూరగాయల సంచులతో రెండు స్టాపులు వెళ్లడానికి కూడా పూర్తి టికెట్ కొంటున్నవాళ్లు ఎంతోమంది కనిపిస్తారు. ఇది తెలిసి ఉండటం మంచిది.

ఇక్కడ స్థిరపడేవాళ్లకు మాత్రం నేను చెప్పేది దేశమంతా చెల్లే నెల పాస్ డాయ్‌చ్‌లాండ్‌టికెట్ ఒక్కటే. 2022 వేసవిలో మూడు నెలల పాటు నెలకు 9 యూరోల టికెట్ పెట్టారు. దాని తర్వాత 2023 మేలో ఇది 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 అయింది, 2026 నుంచి 63. ధర పెరిగిన ప్రతిసారీ నాకు బాధగానే ఉంది, ముఖ్యంగా విద్యార్థులను తలుచుకుంటే. అయినా లెక్క వేస్తే ఇప్పటికీ లాభమే: దేశం మొత్తం సిటీ బస్సులు, ట్రాములు, మెట్రోలు, ప్రాంతీయ రైళ్లు ఇందులోనే వస్తాయి. ఐసీఈ లాంటి దూరప్రయాణపు ఫాస్ట్ రైళ్లకు పనికిరాదు.

దీంతో రెండు జాగ్రత్తలు. ఇది నెలనెలా దానంతటదే కొనసాగే చందా. వద్దనుకుంటే ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేసుకోవాలి, లేదంటే వచ్చే నెల డబ్బు కూడా పోతుంది. రెండోది, ఇది మీ ఒక్కరికే. ఇక్కడి పాత నెలవారీ పాస్ 'ఉమ్‌వెల్ట్‌కార్టె'తో రాత్రి 8 తర్వాత, శని ఆదివారాల్లో ఇంకో పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లే వీలుంది. డాయ్‌చ్‌లాండ్‌టికెట్‌తో అది కుదరదు. అమ్మానాన్న వచ్చినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. వాళ్లకు 24 గంటల టికెట్ మంచిది, అయిదుగురి దాకా కలిసి తిరిగితే గ్రూపు టికెట్ ఉంది. ఆరేళ్లు నిండని పిల్లలకు టికెట్ లేదు. బెర్లిన్ బడి పిల్లలకు 2019 ఆగస్టు నుంచి ఏబీలో పాస్ ఉచితం. తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితమని అమ్మ ఇక్కడివాళ్లకు గొప్పగా చెప్పుకుంటుంది. నాకూ ఆ మాట వినడం ఇష్టం.

విద్యార్థులు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజులోనే ఈ టికెట్ తక్కువ ధరకు కలిసి వస్తుంది. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో ఆ సౌకర్యం ఉండదు, అప్పుడు నెలకు 63 యూరోలు మీ ఖర్చులో ముందే రాసుకోవాలి. ఉద్యోగులైతే కంపెనీ జాబ్‌టికెట్ (ఖర్చులో కొంత కంపెనీ భరించే పాస్) ఇస్తుందేమో హెచ్ఆర్‌ను అడగండి.

కొత్తవాళ్లు ఆశ్చర్యపోయేది స్టేషన్లలో గేట్లు లేకపోవడం చూసి. కార్డు చూపించక్కర్లేదు, ఎవరూ ఆపరు, మెట్లు దిగి నేరుగా రైలెక్కేయొచ్చు. పాప బండి తోసుకుంటూ, రెండు చేతుల నిండా సంచులతో వెళ్లేవాళ్లకు ఇది ఎంత సౌకర్యమో నేను రోజూ చూస్తున్నాను. మనుషులను నమ్మి తలుపులు తెరిచి ఉంచిన ఈ పద్ధతి నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది. ఆ నమ్మకంతో పాటు తనిఖీ కూడా ఉంటుంది. మామూలు బట్టల్లో ఉన్నవాళ్లు తలుపులు మూసుకున్నాక లేచి టికెట్లు అడుగుతారు. లేకపోతే 60 యూరోలు జరిమానా. ప్లాట్‌ఫామ్ మీది మిషన్లో కొన్న కాగితం టికెట్‌కు పక్కనున్న పెట్టెలో ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే. 'టూరిస్టుని, తెలియదు' అంటే ఒప్పుకోరు. మీ పేరు మీద పాస్ ఉండి ఆ రోజు దగ్గర లేకపోతే మాత్రం భయపడకండి, తర్వాత చూపిస్తే 7 యూరోలతో సరిపోతుంది. పాస్ ఫోన్లో ఉంటే చార్జింగ్ చూసుకోవడం మీ బాధ్యతే. అందుకే ప్లాస్టిక్ కార్డు రూపంలో తీసుకోమని నేను అందరికీ చెప్తాను.

రింగ్ రైలు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఎస్41, ఎస్42 అని రెండు, ఒకటి గడియారం ముల్లు తిరిగే వైపు, రెండోది ఎదురు వైపు. 37 కిలోమీటర్లు, 27 స్టేషన్లు, ఒక చుట్టుకు గంట. ఊళ్లో ఏ మూల నుంచి ఏ మూలకైనా సెంటర్‌లోకి దిగకుండా ఇలా చుట్టూ వెళ్లిపోవచ్చు. 1961లో తూర్పు, పశ్చిమ బెర్లిన్‌ల మధ్య గోడ కట్టినప్పుడు ఈ వలయం తెగిపోయింది. పశ్చిమ బెర్లిన్ వైపు భాగం 1980లో పూర్తిగా ఆగిపోయింది. గోడ కూలాక ముక్కలన్నీ అతికించి మళ్లీ పూర్తి చుట్టు నడిచేసరికి 2002 వచ్చింది.

ఆ చరిత్ర ఇవాళ్టి ఇల్లు వెతుకులాటలో కూడా అడ్డొస్తుంది. పశ్చిమ బెర్లిన్ తన ట్రాములను 1967లో తీసేసి మెట్రో, బస్సుల వైపు వెళ్లింది. తూర్పు వైపు ట్రాములు అలాగే ఉంచుకుంది. అందుకే నేటికీ ప్రెంట్స్‌లావర్ బెర్గ్, హోహెన్‌షోన్‌హౌజెన్, మార్ట్సాన్ లాంటి తూర్పు ప్రాంతాల్లో ట్రామే ఆధారం, పశ్చిమాన అవి చాలా తక్కువ. 'ఎం' అక్షరంతో ఉండే ట్రాములు పగలు కొద్ది నిమిషాలకొకటి, రాత్రంతా కూడా నడుస్తాయి. ఎం10 లైనును పశ్చిమం వైపు మెల్లమెల్లగా పొడిగిస్తూ 2023లో టుర్మ్‌స్ట్రాస్సె దాకా తెచ్చారు. నాకు అన్నిటికంటే ట్రామే ఇష్టం. మెట్లు లేవు, ఊరు కనిపిస్తుంది, చంటిపిల్లలు కిటికీలోంచి చూస్తూ ఏడుపు మరిచిపోతారు.

యూ6, యూ8 రెండూ పశ్చిమ బెర్లిన్ లైన్లే అయినా మధ్యలో తూర్పు బెర్లిన్ కింద నుంచి వెళ్లేవి. గోడ ఉన్నన్నాళ్లూ ఆ భాగంలో ఫ్రీడ్రిష్‌స్ట్రాస్సె తప్ప మిగతా స్టేషన్లలో రైళ్లు ఆగకుండా వెళ్లిపోయేవి, చీకటి ప్లాట్‌ఫామ్‌ల మీద కాపలావాళ్లు ఉండేవారు. యానోవిట్స్‌బ్రూకె స్టేషన్‌ను 1989 నవంబరు 11న, గోడ తెరుచుకున్న రెండు రోజులకే తెరిచారు. నోర్డ్‌బాన్‌హోఫ్ ఎస్-బాన్ స్టేషన్లో దీని మీద ఒక ప్రదర్శన ఉంది. టికెట్ అక్కర్లేదు, రైలు మారుతూ చూడొచ్చు. పిల్లలకు తప్పకుండా చూపించండి.

ఇక కష్టాలు. చిన్నపిల్లలున్నవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు లిఫ్టులే పెద్ద సమస్య. ఎక్కువ స్టేషన్లలో ఉన్నాయి, అన్నిటిలో లేవు, ఉన్నవి కూడా పాడవుతుంటాయి. ఒక స్టేషన్లో నెల దాటినా బాగు కాని లిఫ్ట్ ముందు బండి పట్టుకుని నిలబడితే, దారిన పోయే కుర్రాడెవరో అడగకుండానే రెండో వైపు పట్టుకుని మెట్లు దించి వెళ్లాడు. ఇలా చాలాసార్లు జరిగింది, బెర్లిన్ జనం మొహం సీరియస్‌గా పెట్టుకున్నా చెయ్యి అందిస్తారు. కానీ చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లను అలా మొయ్యలేం కదా. ఈ విషయంలో నేను ఈ ఊరికి మంచి మార్కులు వెయ్యలేను. లిఫ్టులు పని చేస్తున్నాయో లేదో చూపించే బ్రోకెన్‌లిఫ్ట్స్ అనే సైటు ఉంది, బయల్దేరే ముందు చూసుకోండి. బస్సు నయం: మధ్య తలుపు దగ్గర బండికి జాగా ఉంటుంది, చక్రాల కుర్చీకి డ్రైవర్ దిగి ర్యాంప్ వేస్తారు.

రెండో కష్టం మరమ్మతులు. వారాంతాల్లో ఏదో ఒక లైను ముక్క మూసే ఉంటుంది, బదులుగా బస్సులు వేస్తారు. ఆ బస్సులు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాయి కాబట్టి వీలైతే వేరే లైను చూసుకోవడమే మేలు. కొన్ని మూతలు మరీ పెద్దవి: యూ6 ఉత్తర భాగం 2022 నవంబరులో మూసి దాదాపు మూడేళ్లు పట్టింది. టేగెల్ వైపు ఉండేవాళ్లకు అది చిన్న విషయం కాదు. వేసవిలో యూ-బాన్‌లో ఏసీ ఉండదు, కిటికీలే గతి. ఎస్-బాన్‌లో కొత్త రైళ్లకు ఏసీ ఉంది.

రాత్రి ప్రయాణం గురించి ఆడపిల్లల తల్లిదండ్రులు అడుగుతుంటారు. శుక్ర, శనివారాల్లో యూ-బాన్, ఎస్-బాన్ రాత్రంతా ఉంటాయి. మిగతా రోజుల్లో ఒంటి గంట దాటాక యూ-బాన్ ఆగిపోయి, అదే దారిలో 'ఎన్' నంబరు బస్సులు తిరుగుతాయి. కొట్‌బుస్సర్ టోర్ లాంటి కొన్ని స్టేషన్లలో రాత్రిళ్లు తాగినవాళ్లు, మత్తులో ఉన్నవాళ్లు కనిపిస్తారు. నేనైతే ఆ వేళ డ్రైవరు ముందు సీటులో ఉండే బస్సునే ఎంచుకుంటాను. ఒంటరిగా వెళ్లడానికి నాకు ధైర్యంగా ఉంటుంది.

అమ్మానాన్న వచ్చినప్పుడు టూరిస్టు బస్సులకు డబ్బు పెట్టకండి. 1990లో తూర్పు పడమరలను కలుపుతూ మొదలైన 100 నంబరు బస్సు ట్సూ స్టేషన్ నుంచి బయల్దేరి విజయ స్తంభం, పార్లమెంటు, ఉంటర్ డెన్ లిండెన్ మీదుగా అలెక్సాండర్‌ప్లాట్స్ చేరుతుంది. డబుల్ డెక్కర్ వస్తే పైన ముందు సీటు పట్టుకోండి. వాన్‌జే నుంచి క్లాడోకు వెళ్లే ఎఫ్10 పడవ కూడా మామూలు ఏబీ టికెట్ మీదే, ఇరవై నిమిషాల ప్రయాణం. మా నాన్నకు బెర్లిన్ మొత్తంలో బాగా నచ్చింది అదే. పండక్కి గుడికి వెళ్లాలంటే బ్రిట్స్‌లోని మురుగన్ గుడి యూ7లో బ్లాష్కో ఆలీ స్టేషన్ దగ్గర.

ఎయిర్‌పోర్టులో దిగేవాళ్లు ఏబీ టికెట్ కాక ఏబీసీ తీసుకోవాలి. చాలామంది జరిమానా కట్టేది ఇక్కడే. ఎయిర్‌పోర్టు రైళ్లు ఆలస్యమైతే ఎక్స్7 బస్సెక్కి రూడోలో యూ7 అందుకోవచ్చు.

చివరిగా ఇల్లు. రింగ్ లోపలే ఉండాలని పట్టుబట్టి అద్దెలకు బెదిరిపోకండి. బయట బీ జోన్‌లో కూడా బాగానే బతకొచ్చు, నడిచే దూరంలో రెండు వేరు వేరు రకాల బళ్లు ఉంటే. యూ-బాన్ ఒక్కటే ఉండి అది మూతపడితే బస్సుల మీద పడాలి. యూ-బాన్‌తో పాటు ట్రామో ఎస్-బానో ఉంటే దిగులు లేదు. ఇల్లు చూడ్డానికి వెళ్లే ముందు రైళ్లు, బస్సుల దారి చూపే యాప్‌లో మూడు ప్రశ్నలు వేయండి: సోమవారం ఉదయం 8కి ఆఫీసుకో కాలేజీకో ఎంతసేపు, ఆదివారం ఎంతసేపు, మంగళవారం రాత్రి రెండింటికి ఆ ఇంటికి ఎలా చేరాలి. మూడోదానికి వచ్చిన జవాబులో చీకట్లో ఇరవై నిమిషాల నడక ఉంటే అద్దె ఎంత తక్కువైనా ఇంకో ఇల్లు చూడండి.