తీరాన్నీ తీరవాసులనూ కలిపి గమనించాలా, విడివిడిగానా?

మొదటి పద్ధతిలో పగడపు దిబ్బల్ని ఒక బృందం కొలుస్తుంది. ఒడ్డున ఉన్న ఊళ్లలో ఆదాయం, తిండి, ఆరోగ్యం గురించి మరో బృందం అడుగుతుంది. చివర్లో రెండు నివేదికలనూ ఒకే అట్టలో కుట్టేస్తారు. రెండో పద్ధతిలో ఏ చోటు, ఏ నెల, ఏ ప్రశ్నలు అన్నది మొదటిరోజే కలిసి కూర్చుని తేల్చుకుంటారు. నా ఓటు దీనికే.

విడివిడిగా చేయడాన్ని తీసిపారేయలేం. పని చకచకా సాగుతుంది, పాత కొలతలూ దొరుకుతాయి. అమెరికా ఉపగ్రహాలైన ల్యాండ్‌శాట్ తీసిన చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి. ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 పది మీటర్ల స్పష్టతతో మడ అడవి అంచు ఎంత తగ్గిందో చూపిస్తుంది. ఆ అడవిలో పీతలు పట్టుకునేవాళ్లు ఇప్పుడేం తింటున్నారో మాత్రం ఉపగ్రహం చెప్పదు.

అసలు చిక్కు చేపల దగ్గర. చేపలు తగ్గితే ధర పెరగొచ్చు, కాబట్టి కొన్నాళ్లు ఇంటి ఆదాయం పడిపోకపోవచ్చు. ఆదాయం ఒక్కటే అడిగిన సర్వే అంతా బాగానే ఉందంటుంది. పడిన చేపల బరువు ఒక్కటే చూసినా అంతే: నిరుడు నాలుగు గంటల్లో నిండిన బుట్ట ఈ ఏడు ఎనిమిది గంటలకు నిండినా తూకంలో తేడా రాదు. ఎన్ని గంటలు వేటాడారు, డీజిల్ ఎంత పోశారు, అదే సీజన్‌లో నీళ్లలో ఎన్ని చేపలు కనిపించాయి... ఇవన్నీ పక్కపక్కన పెడితేనే గుట్టు బయటపడుతుంది. సర్వేవాళ్లు పరిపాలనా హద్దుల్ని బట్టి ఇళ్లు ఎంచుకుంటే, కొలిచిన దిబ్బ దగ్గర వేటాడేది ఒక ఊరు, ప్రశ్నలు అడిగింది ఇంకో ఊరిని అవుతుంది. ఇంటి యజమానినే అడగడం మరో లోపం. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ ఆల్చిప్పలు, నత్తలు ఏరడం చాలా తీరాల్లో ఆడవాళ్ల పని. అందులో చాలాభాగం ఇంటి కూరలోకే పోతుంది, లెక్కలోకి రాదు.

కలిపి చేయడం తలనొప్పే, ఒప్పుకుంటాను. సముద్రపు గడ్డిని చదరపు చట్రాలు పెట్టి కొలిచేవాళ్లకు పాటు సమయం ముఖ్యం, ఇంటింటికీ తిరిగేవాళ్లకు జనం తీరిగ్గా ఉండే సమయం ముఖ్యం. అయినా అమెరికా జాతీయ పగడపు దిబ్బల పర్యవేక్షణ కార్యక్రమం జీవ, వాతావరణ, సామాజిక-ఆర్థిక కొలతలు మూడింటినీ ఒకే గొడుగు కిందకు తెచ్చింది.

మరి అన్నీ కలిపి ఒక్క మార్కు ఇచ్చేస్తే? సముద్రాల ఆరోగ్యానికి మార్కులిచ్చే ఓషన్ హెల్త్ ఇండెక్స్ అనే సూచీ 2012లో వచ్చింది, అది పది లక్ష్యాలను కలిపి ప్రపంచానికి 100కి 60 ఇచ్చింది. పత్రికల హెడ్డింగుకు బాగుంటుంది. కానీ వేట ఆపడం వల్ల చేపలు పెరిగి, అదే కారణంగా జాలర్ల ఇళ్లలో పొయ్యి వెలగకపోయినా సగటు కదలకపోవచ్చు. ఆ రెండు అంకెలూ విడిగా కనబడాల్సిందే.

నిధులు తక్కువైతే పది ఊళ్లలో విడివిడి సర్వేలు మానేసి, రెండు ఊళ్లలో కలిపి చేయిస్తాను. మిగతా తీరానికి ప్రస్తుతానికి ఉపగ్రహ చిత్రాలతో సరిపెడతాను.