హీటర్ కొంటానంటే వద్దన్న షాపు: ఆటోనగర్ డీజిల్ ఎలక్ట్రికల్ మేస్త్రి గురించి

డీజిల్ పికప్‌కి ఫ్యూయల్ హీటర్ (ఫిల్టర్ దగ్గర డీజిల్‌ని వేడి చేసేది) వేయించాలా అక్కర్లేదా అని ఆలోచిస్తున్న వైజాగ్ వాళ్ల కోసం రాస్తున్నాను. మీ బండి రాత్రిళ్లు గాజువాకలోనో మధురవాడలోనో ఉండేదైతే హీటర్ ఊసే వద్దు. మన ఊళ్లో డిసెంబర్‌లో కూడా తెల్లారి తాళం తిప్పగానే లేవని బండి ఉంటే దాని జబ్బు వేరే. లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు వైపు నైట్ హాల్ట్ చేసేవాళ్లకి మాత్రం ఇది పనికొస్తుంది.

నాది నాలుగు సిలిండర్ల కామన్ రైల్ పికప్, బీఎస్4. వెళ్లేటప్పుడు కిరాణా సరుకు, వచ్చేటప్పుడు కూరగాయలు, సీజన్‌లో స్ట్రాబెర్రీ. లంబసింగిలో చీకటితోనే లోడ్ ఎక్కించుకుని ఘాట్ దిగి, నర్సీపట్నం, అనకాపల్లి మీదుగా ఎండెక్కక ముందే సిటీలో పడాలి. అక్కడ బండి మొరాయిస్తే స్ట్రాబెర్రీ డబ్బాల అడుగున నీరు దిగడం మొదలవుతుంది, ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుసు. పోయిన చలికాలం సరిగ్గా అదే జరిగింది. సెల్ఫ్ తిరుగుతోంది, వెనక తెల్లగా పొగ వస్తోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. అదే బండి గాజువాకలో ఒక్క సెల్ఫ్‌కి లేచేది.

టీ కొట్టు దగ్గర డ్రైవర్లందరిదీ ఒకటే మాట: డీజిల్ గడ్డకడుతోంది, ఫిల్టర్‌కి హీటర్ వేయించు. ఆన్‌లైన్‌లో చూస్తే పన్నెండు వోల్టుల హీటర్లు రకరకాలు ఉన్నాయి. ఫిటింగ్ కూడా కలిపి ధర కనుక్కుందామని గాజువాక ఆటోనగర్‌లో ఈ షాపుకి వెళ్లాను. షాపు పేరు రాయడం లేదు. బోర్డే లేదు, పైగా ఒకట్రెండు ఫిర్యాదులు కూడా ఉన్నాయి నాకు.

మేస్త్రి పెద్దాయన. హీటర్ కావాలి అనగానే ధర చెప్పలేదు. "ఏటి బాబూ, సెల్ఫ్ కొడితే పొగ వస్తందా, అసలు పొగే రాదా?" అని అడిగాడు. తెల్ల పొగ అన్నాను. "అయితే డీజిల్ లోపలికి వెళ్తంది కదా మరి!"

నిజానికి ఈ రివ్యూలో అన్నిటికన్నా విలువైన మాట ఇదే. తెల్ల పొగ అంటే కాలని డీజిల్ ఆవిరి. అది సైలెన్సర్ దాకా వచ్చిందంటే ట్యాంకు, పైపులు, ఫిల్టర్, పంపు, ఇంజెక్టర్లు అన్నీ దాటే వచ్చింది. డీజిల్ ఉంది, దాన్ని అంటించే వేడి లేదు. పొగే రాకపోతేనో, స్టార్టయ్యి కాస్త దూరం వెళ్లాక గుటకలు మింగి ఆగిపోతేనో అప్పుడు ఫిల్టర్‌ని అనుమానించాలి. చల్లదనానికి డీజిల్‌లోని మైనం పలుకులు కట్టి ఫిల్టర్ కాగితాన్ని మూసేస్తుంది, ఫ్యూయల్ హీటర్ పనికొచ్చేది ఆ జబ్బుకే. పైపులో గాలి చేరినా, ఫిల్టర్ అడుగున నీళ్లు నిలిచినా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి కాబట్టి అప్పుడు కూడా ముందు అవి చూసుకోవాలంటాడు ఆయన.

నేను అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. అది కనిపెట్టాడేమో, కుర్రాణ్ణి టీ కొట్టుకి పంపి ఐసు తెప్పించాడు. స్టీలు చెంబులో నీళ్లు పోసి థర్మామీటర్ వేశాడు. పాత ఫిల్టర్ హెడ్ నుంచి తీసిన హీటర్‌కి బ్యాటరీ కలిపి, దాని థర్మోస్టాట్‌ని (చలిని బట్టి హీటర్‌ని ఆన్ చేసే స్విచ్చి) ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి చెంబులోకి దించాడు. వైరు చుట్టూ కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పట్టుకుని నన్ను చూడమన్నాడు. ఐసు ముక్కలు పడే కొద్దీ ఇరవై, పదిహేను, పది. మీటర్ సున్నా దగ్గరే కూర్చుంది. ఐదుకి కాస్త కిందకి దిగాక టక్కుమని చిన్న చప్పుడు, మీటర్ మీద పది ఆంపియర్లు దాటాయి. "మీ లంబసింగిలో పొద్దున్నే ఎంతుంటది?" అన్నాడు. పేపర్లో సున్నా అని వేసే రోజులు ఉంటాయి కానీ నా క్యాబిన్ బయట తగిలించుకున్న థర్మామీటర్ చాలా పొద్దుళ్లు ఎనిమిదికీ పదికీ మధ్యే చూపించింది. ట్యాంకులో డీజిల్ గాలి కన్నా నెమ్మదిగా చల్లబడుతుంది కూడా. అంటే కొన్న హీటర్ సీజన్‌లో చాలా రోజులు నిద్రపోతూనే ఉంటుంది.

ఇంటికొచ్చి చదివితే లెక్క సరిపోయింది. మన డీజిల్‌కి బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 1460. డీజిల్ ఎంత చల్లబడేదాకా ఫిల్టర్ గుండా వెళ్లాలో అందులో ఉంది: చలికాలపు డీజిల్‌కి 6 డిగ్రీలు, మిగతా కాలంలో 18. చలికాలం అంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి. అవి గరిష్ఠ హద్దులు, బంకులో దొరికేది అంతకంటే మెరుగ్గా ఉండొచ్చు. కాబట్టి జాగ్రత్త పడాల్సింది ఎక్కడంటే, సెప్టెంబర్‌లో నింపి వాడకుండా వదిలేసిన ట్యాంకుతో డిసెంబర్‌లో కొండెక్కే బండి విషయంలో. రోజూ తిరిగే బండికి ఆ బెంగ లేదు. లడఖ్ లాంటి చోట్ల సంగతి వేరు, అక్కడి కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా తట్టుకునే ప్రత్యేక డీజిల్ తీసుకొచ్చింది. మనాలి, శ్రీనగర్ లోడ్లు కొట్టేవాళ్లు ఫ్యూయల్ హీటర్ వేయించుకుంటే అర్థం ఉంది. మల్కాపురం రిఫైనరీని పక్కన పెట్టుకుని బతికే మనకి అంత అవసరం రాదు.

మరి నా బండికి ఏమైంది? హీటర్ ప్లగ్గులు. ఇవి ఫ్యూయల్ హీటర్ కాదు, స్టార్ట్ చేసే ముందు సిలిండర్ లోపల వేడి పుట్టించేవి. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ఉండదు, గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఇంజిన్ చల్లగా ఉంటే ఆ వేడిని సిలిండర్ గోడలే తాగేస్తాయి. లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, గాలి పదో వంతు పలచన, చిక్కబడ్డ ఆయిల్ వల్ల సెల్ఫ్ కూడా నెమ్మది. ఆ లోటు పూడ్చేది సిలిండర్‌కి ఒకటి చొప్పున ఉండే ప్లగ్. మీటర్ పెడితే నాలుగింట్లో రెండు చచ్చిపోయాయి. డాష్ మీద ఈ ప్లగ్గుల కోసం ఉండే స్ప్రింగ్ గుర్తు మాత్రం రోజూ బుద్ధిగా వెలిగి ఆరేది! చాలా బండ్లలో ఆ లైటు టైమర్ లెక్క చూపిస్తుంది తప్ప ప్లగ్ వేడెక్కిందో లేదో దానికి తెలియదు. వైజాగ్ వేడికి రెండు ప్లగ్గులతోనే లాగించేసింది కాబట్టి నాకూ తెలియలేదు.

తీసే పద్ధతి చూడాల్సిందే. ప్లగ్ పట్టేసి ఉంటే బలంగా తిప్పగానే విరిగి ఇంజిన్ హెడ్‌లోనే ఉండిపోతుంది, అప్పుడు హెడ్ దింపాలి, ఖర్చు ఎక్కడికో పోతుంది. ఈయన ఇంజిన్ వేడెక్కేదాకా నడిపించి, ప్లగ్ మొదట్లో తుప్పు వదిలించే నూనె కొట్టి, చాలాసేపు వదిలేశాడు. తర్వాత పొడవాటి సాకెట్‌తో కాస్త విప్పడం, మళ్లీ కాస్త బిగించడం, మళ్లీ విప్పడం. ఒక ప్లగ్ కిర్రుమంటే పానా కింద పెట్టేసి భోజనానికి వెళ్లిపోయాడు! నాకు ఒళ్లు మండింది గానీ, వచ్చాక అది మెత్తగా ఊడొచ్చింది. పాత వాటిలో బాగున్న ఒకదాన్ని బ్యాటరీకి పెట్టి చూపించాడు. మొన నుంచి ఎరుపెక్కి, నారింజ రంగుకి వచ్చింది. చచ్చినదానికి పెడితే చలనం లేదు. నాలుగూ కొత్తవే వేయించాను, రిలే దగ్గర వోల్టేజీ చూశాడు, బ్యాటరీ నుంచి ఛాసిస్‌కి వచ్చే ఎర్త్ వైరు పచ్చగా చిలుము పట్టి ఉంటే గీకి బిగించాడు. సముద్రపు గాలికి మన ఊళ్లో బండ్లన్నిటికీ ఇదే గతి. మొత్తం ఖర్చు, నేను హీటర్‌కి అనుకున్నదాంట్లో సగం చిల్లర.

ఆ తర్వాత లంబసింగిలో మంచు గడ్డి మీద తెల్లగా పేరుకున్న పొద్దున కూడా స్ప్రింగ్ గుర్తు ఆరేదాకా ఆగి తాళం తిప్పితే బండి లేచింది. మొదట కాస్త గరగర, కొద్దిగా పొగ, అంతే. ఇంజిన్ కింద గడ్డి మంట పెట్టడం, డీజిల్‌లో కిరోసిన్ కలపడం లాంటివి కొండ మీద ఇప్పటికీ చూస్తుంటాను. కామన్ రైల్ పంపుకి డీజిలే కందెన, కిరోసిన్ పోస్తే పంపు అరిగిపోతుంది. మంట సంగతి చెప్పక్కర్లేదు.

ఇక ఫిర్యాదులు. చెప్పిన టైముకి పని మొదలుపెట్టడు. బిల్లు ఇవ్వడు, సిగరెట్ అట్ట మీద లెక్క రాసిస్తాడు, ట్రావెల్స్ కంపెనీల వాళ్లకి అది కుదరదు. కూర్చోడానికి పాత టైరే దిక్కు. ఫోన్ ఎత్తితే మన అదృష్టం. ఇంజెక్టర్ల పని చేయడు, వేరే చోటికి పంపిస్తాడు. పాత ప్లగ్గులు మాత్రం అడక్కుండానే కవర్‌లో వేసి చేతికిచ్చాడు.

వెళ్లేవాళ్లు చలి రాకముందే, కార్తీకంలోపు వెళ్లండి, అరకు టూరిస్టు బండ్లు వరస కట్టాక ఆయన దొరకడు. పొద్దున్నే వెళ్లి ఆ రోజు లోడ్ ఏదీ ఒప్పుకోకండి. ప్లగ్గులు తీయించాలంటే బండి నడిపించుకుంటూనే తీసుకెళ్లండి, లారీ మీద ఎక్కించి తెస్తే ఇంజిన్ వేడి చేయడానికే ఇంకో గంట పోతుంది.