అర్జీ పెట్టించాలా, మనమే మాట్లాడాలా, వాళ్లనే మాట్లాడనివ్వాలా: ఏది మేలు?

ఒక ఊళ్లో పదిమందికి పింఛను ఆగిపోయిందనుకుందాం. కొందరికి వేలిముద్ర పడలేదు, కొందరికి సదరం సర్టిఫికెట్ (వైకల్యాన్ని ధ్రువీకరించే కాగితం) గడువు తీరింది, ఒకరిద్దరికి కారణం కూడా చెప్పలేదు. వాళ్లంతా ఊళ్లో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ దగ్గరికి వస్తారు. మనలాంటి కార్యకర్తలకు అప్పుడు మూడు దారులు కనబడతాయి.

మొదటిది, ఎవరి అర్జీ వాళ్లచేత పెట్టించడం. సోమవారం వస్తే తెలంగాణ కలెక్టరేట్లలో అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. ఆంధ్రలో నిన్నమొన్నటిదాకా స్పందన అన్నదే ఇప్పుడు పీజీఆర్ఎస్, అంటే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వ్యవస్థ. అర్జీ ఆన్‌లైన్‌లో ఎక్కుతుంది, రసీదు చేతికొస్తుంది. పింఛను రికార్డులో వయసు తప్పు పడటంలాంటి ఒక్కరి సమస్యకు ఇంతకంటే దగ్గరి దారి లేదు, దానికి సభలూ ధర్నాలూ అక్కర్లేదు. చిక్కల్లా, ఆ అర్జీ తిరిగి తిరిగి చాలాసార్లు పని ఆపిన ఆఫీసుకే చేరడం. పరిష్కారమైపోయిందని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, పింఛను మాత్రం రాదు. పైగా పదిమంది పెట్టినవి పది విడి కాగితాలుగానే ఉండిపోతాయి, వాటిలో ఒకే కారణంతో ఆగినవి ఎన్నో ఎవరూ గమనించరు. ఉచిత బస్సు వచ్చాక ఆడవాళ్లకు చార్జీ బాధ తప్పింది గానీ, ఆ రోజు కూలి పోవడం తప్పలేదు.

రెండోది, వాళ్ల తరఫున మనమే వెళ్లి మాట్లాడటం. నిజం చెప్పాలంటే మనకు బాగా అలవాటైన దారి ఇదే. జీవో నంబర్లు మనకు తెలుసు, అధికారి మనకు కుర్చీ వేస్తారు, పని త్వరగా అవుతుంది. పింఛను ఆగినావిడ మాత్రం వరండాలో కూర్చుని ఉంటుంది. లోపల అధికారి ‘ఆఖరుసారి డబ్బు ఎప్పుడు అందింది, ఎవరు ఇచ్చారు?’ అని అడిగితే మనం తడబడతాం. ఆ జవాబు వరండాలో ఉన్నావిడ దగ్గరే ఉంది. ప్రాజెక్టు ముగిసి మనం వెళ్లిపోయాక ఏ గదికి వెళ్లాలో ఆమెకు తెలియదు.

అసలు జనం తరఫున కదిలే పనే వద్దనుకునే సంస్థలూ ఉన్నాయి. జనాన్ని కూడగడితే రాజకీయం అంటారని, విదేశీ విరాళాల లైసెన్సు పోతుందని వాళ్ల టెన్షన్. 2020 మార్చిలో ఇన్సాఫ్ అనే సంస్థ కేసులో సుప్రీంకోర్టు దీనిమీద స్పష్టత ఇచ్చింది: రాజకీయ లక్ష్యం లేకుండా ప్రజల సమస్య కోసం చేసే ఆందోళనకు మద్దతిచ్చినంత మాత్రాన ఆ సంస్థపై రాజకీయ ముద్ర వేయకూడదు.

మూడోది, బాధితులే కలిసి నలుగురిలో మాట్లాడటం. దీనికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో బహిరంగ విచారణలు మొదలుపెట్టింది. పంచాయతీ లెక్కలను ఊరి ముందు చదివి, మీకు ఈ డబ్బు ముట్టిందా అని కూలీలనే అడిగేవారు. ఆ పద్ధతి ఉపాధి హామీ చట్టంలోని సెక్షన్ 17లో సామాజిక తనిఖీగా చోటు సంపాదించుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచే ఈ తనిఖీలు జరిగాయి, 2009లో వాటికోసం ప్రత్యేక సంస్థే పెట్టారు. కూలీల ఇళ్లలో నాలుగు ముక్కలు చదువుకున్న కుర్రకారుకు శిక్షణ ఇచ్చి తనిఖీకి పంపారు. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని గడపగడపకూ తిరగడం, పాస్‌బుక్‌తో సరిచూడటం, ఊళ్లో గ్రామసభ, ఆపైన మండలంలో ప్రజావేదిక అనే బహిరంగ సభ. పనికే రాని మనిషి పేరు మస్టరులో ఉందని కూలీలే చెబుతుంటే, ఎదురుగా కూర్చున్న ఫీల్డ్ అసిస్టెంటూ ఎంపీడీఓ కూడా జవాబు చెప్పక తప్పేది కాదు.

అలాగని ఇది అద్భుతమేమీ కాదు. దారి మళ్లిందని తనిఖీల్లో తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది కొంతే. సభ ముగిశాక మాట్లాడినావిడ అదే ఊళ్లో, కూలీల పని చూసే అదే మేటు కింద పని చేసుకోవాలి. ఈ భయాన్ని ముందే ఆమెతో చర్చించకుండా మైకు చేతికివ్వడం నా దృష్టిలో అన్యాయం.

అయినా సమస్య పదిమందిదైతే నేను మూడోదారి వైపే మొగ్గుతాను. కాకపోతే మొదటిదారి గుండా వెళ్లి. ముందు అందరిచేతా అర్జీలు పెట్టించి రసీదులు భద్రం చేయాలి. ఏ కారణంతో ఆపారో సమాచార హక్కు కింద అడగాలి. మామూలుగా ఫీజు పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితాలతో సభలోకి వెళితే మాటకు బలం వస్తుంది. సభకు రెండురోజుల ముందు ఎవరింటి అరుగుమీదో కూర్చుని, ఎవరు ఏం చెప్పాలో వాళ్లచేతే ఒకసారి చెప్పించుకోవాలి. మనం రాసిచ్చి చదివించకూడదు. ఆ రోజు కూలి, వికలాంగులకు ఆటో ఖర్చు మన బడ్జెట్లో ఉండాలి. ఫోటోలకూ ఫ్లెక్సీలకూ ముందు వీటికి డబ్బు పక్కన పెట్టే సంస్థలు తక్కువ.

రెండోదారిని బెదిరింపులున్నవాళ్ల కోసం, అప్పీళ్లలాంటి కాగితాల పని కోసం ఉంచుకుంటాను. నలుగురిలో మాట్లాడనన్నావిడ ఒప్పుకుంటే ఆమె గోడును పేరు లేకుండా వేరొకరు చదవొచ్చు. చిన్న ఊళ్లో వివరాలు వింటేనే ఎవరో పోల్చేస్తారు కాబట్టి ఏది చదవాలో, ఏది తీసేయాలో ఆమెనే అడగాలి. వద్దంటే ఆమె పింఛను పని అక్కడితో ఆగకూడదు, అర్జీ మీద మన తిరుగుడు ఎప్పటిలాగే సాగాలి.