పాత డేట్ మీద కొత్త స్టిక్కర్: అక్వేరియం టెస్ట్ కిట్ కొనేవాళ్లు జాగ్రత్త

ట్యాంకు, ఫిల్టర్, బ్యాక్టీరియా సీసా, టెస్ట్ కిట్ అన్నీ కలిపి సెట్‌గా ఆన్‌లైన్‌లో అమ్మే ఆ సెల్లర్ దగ్గర కొనబోతుంటే ఒక్క నిమిషం ఆగండి. ఎవరి గురించో చేపలు పెంచేవాళ్లలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది, పేరు మాత్రం రాయను. ఆయన నాకు గడువు తీరిపోయిన టెస్ట్ కిట్ అమ్మాడు, అదీ పాత డేట్ కనబడకుండా పైన ఇంకో స్టిక్కర్ అంటించి. నీళ్లలో అమోనియా లేదని ఆ కిట్ చూపించిన సున్నాలు నమ్మి వేసిన ప్లాటీలు (చిన్న రంగు చేపలు) చాలావరకు చచ్చిపోయాయి. ఇంకా కోపం చల్లారలేదు, రాత అటూ ఇటూ పోతే సర్దుకోండి.

చేపలు లేకుండానే సైక్లింగ్, అంటే ఫిల్టర్‌లో మంచి బ్యాక్టీరియా పెంచే పని, చేయాలని ముందే అనుకున్నాను. కొత్త ట్యాంకులో నేరుగా చేపలు వేస్తే బ్యాక్టీరియా పెరిగేదాకా అవి తమ వ్యర్థాల్లోంచి వచ్చే అమోనియాలోనే వారాల తరబడి ఈదాలి, అది నాకు ఇష్టం లేదు. అందుకే క్లోరిన్ తీసేసిన నీళ్లలో, హీటర్, ఫిల్టర్ ఆపకుండా నడుపుతూ, సువాసనలు, నురగ లేని అమోనియా ద్రావణం 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) వచ్చేలా వేశాను. ఫిల్టర్ స్పాంజిలో చేరిన ఒక రకం బ్యాక్టీరియా ఆ అమోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. 2 పీపీఎం అమోనియా వేసిన 24 గంటల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వస్తే సైకిల్ అయినట్టు. మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

నా కిట్‌లో మర్నాడే అమోనియా సున్నా. ట్యూబులో నీళ్లు లేత పసుపు. మళ్లీ మళ్లీ డోస్ వేశాను, ప్రతిసారీ పసుపే. నైట్రైట్ ట్యూబు కూడా కిట్‌తో వచ్చిన రంగుల కార్డులో సున్నా గడిలో ఉన్న నీలం రంగే. నైట్రేట్ కూడా సున్నా. అమోనియా ఎక్కడికీ మాయమైపోదు కదా, చివరికి నైట్రేట్‌గానైనా కనిపించాలి. నాకు అనుమానం వచ్చి సెల్లర్‌కే ఫోన్ చేసి ఇదే మాట అడిగాను. "మీరు మొక్కలు పెట్టారు కదా మేడమ్, మొత్తం అవే లాగేసుకుంటాయి. మా బ్యాక్టీరియా అంత ఫాస్ట్. హ్యాపీగా చేపలు వేసేయండి" అన్నాడు. మొక్కలు అమోనియాని, నైట్రేట్‌ని పీల్చుకోవడం నిజమే. కానీ కొత్తగా నాటిన నాలుగు మొక్కలు అంత అమోనియాని రాత్రికి రాత్రి ఖాళీ చేయడం జరగని పని, అది రోజూ ఇవే అమ్మే మనిషికి తెలియదంటే నేను నమ్మను. అనుమానంతో అడిగిన మనిషిని సగం నిజం చెప్పి నోరు మూయించాడు. నాకు అన్నిటికంటే మండేది ఇదే. ఆ రోజు "కిట్ ఒకసారి చూసుకోండి" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ చేపలు బతికుండేవి.

సగం నీళ్లు మార్చి ప్లాటీలని వేశాను. మర్నాటికి అన్నీ పైకి తేలి నోళ్లు తెరుచుకుని గాలి కోసం ఆయాసపడుతున్నాయి, రెక్కలు ఒంటికి అంటుకుపోయాయి, మొప్పలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. నా కిట్ మాత్రం అప్పుడూ సున్నాయే అంది. చాలా ఏళ్లుగా చేపలు పెంచుతున్న నా ఫ్రెండ్ తన కిట్ పట్టుకుని వచ్చింది. ఒకే ట్యాంకులోంచి రెండు ట్యూబుల్లో నీళ్లు పట్టి, ఒకదాంట్లో తన కిట్ చుక్కలు, ఇంకోదాంట్లో నా కిట్ చుక్కలు వేసి పక్కపక్కన నిలబెట్టాం. చెప్పినంతసేపు ఆగాక చూస్తే తనది చిక్కటి ఆకుపచ్చ, కార్డులో 4 పీపీఎం గడి మీద పెడితే రంగు తేడా తెలియలేదు. నాది అదే లేత పసుపు. తర్వాత ఒక గ్లాసు నీళ్లలో నేరుగా అమోనియా కలిపి మరీ పరీక్షించాం. అప్పుడూ పసుపే!

అప్పుడు తను సీసా తిప్పి చూసి, "ఈ లేబుల్ అంచు ఇక్కడ ఎత్తుగా ఉందేంటి" అంది. గోరుతో గీరితే డేట్ ఉన్న చిన్న ముక్క ఊడి వచ్చింది. కింద అసలు డేట్ ఉంది, నేను కొనేనాటికే ఎప్పుడో దాటిపోయింది. మిగతా సీసాలన్నీ చూశాం, ప్రతి దానికీ అదే పని చేశారు. పొరపాటున పాత స్టాక్ వచ్చిందనుకోవడానికి కూడా వీల్లేదు, ఎవరో కూర్చుని ఒక్కో సీసాకీ అంటించారు.

ఫొటోలు పంపి ఫోన్ చేశాను. మొదట "అది కంపెనీ స్టిక్కరే" అన్నాడు. కింద ఇంకో డేట్ ఉందని చెప్పగానే, అప్పటిదాకా మేడమ్, మీరు అన్న మనిషి ఒక్కసారిగా "నీకు చేపలు పెంచడం రాక నా మీద పడతావేంటి? నీళ్లు తేటగా ఉన్నాయి కదా, ఇంక టెస్టులెందుకు?" అని అరిచాడు. అమోనియాకి రంగు లేదు, అద్దంలా ఉన్న నీళ్లలో కూడా చేపల్ని చంపగలదు. టెస్ట్ కిట్లు అమ్ముకునే మనిషి నోటి నుంచి రావలసిన మాటేనా అది? పైగా "చచ్చినవాటికి బదులు రేటు తగ్గించి ఇస్తా, తీసుకెళ్లి వేసుకో" అన్నాడు. అదే నీళ్లలోనట! ప్రాణమున్న వాటి గురించి అలా మాట్లాడితే నాకు కాసేపు నోట మాట రాలేదు. డబ్బు వెనక్కి ఇమ్మంటే ఫోన్ పెట్టేశాడు, తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు.

బతికిన రెండు ప్లాటీల కోసం ఇప్పుడు రోజూ క్లోరిన్ తీసిన నీళ్లు సగం మారుస్తున్నాను, మేత బాగా తగ్గించాను. ఫ్రెండ్ తన పాత ఫిల్టర్‌లోంచి స్పాంజి ముక్క తడి ఆరకుండా తెచ్చి నా ఫిల్టర్‌లో పెట్టింది. అసలు బ్యాక్టీరియా ఉండేది అక్కడే, నీళ్లలో పెద్దగా ఉండదు. నా ట్యాంకు పీహెచ్ 8 దగ్గర ఉంటుంది, అదీ దెబ్బకొట్టింది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమోనియాలో చేపలకి బాగా విషమయ్యే రూపం ఒక శాతం కూడా ఉండదు, అదే పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది.

కొనేవాళ్లకి రెండు ముక్కలు చెప్పి ఆపుతాను. కిట్ రాగానే ప్రతి సీసా మీదా డేట్ చూడండి, లేబుల్ అంచు వేలితో తడమండి. ట్యాంకు సంగతి తర్వాత, ముందు గ్లాసు నీళ్లలో కొంచెం అమోనియా కలిపి పరీక్షించండి, రంగు మారకపోతే ఆ కిట్ పనికిరాదు. సైక్లింగ్‌లో అమోనియా తగ్గుతూ నైట్రైట్, నైట్రేట్ రెండూ అసలు కనబడకపోతే ఎవరేం చెప్పినా చేపల్ని వేయకండి. నైట్రేట్ టెస్టులో వాడే రెండో సీసాని బాగా, కనీసం అర నిమిషం గట్టిగా ఊపాలి, లేకపోతే మంచి కిట్ కూడా తక్కువే చూపిస్తుంది. అన్నీ ఒకే కాగితపు స్ట్రిప్ మీద చూపించేవాటిలో చాలావాటికి అమోనియా గడే ఉండదు, అదీ చూసుకుని కొనండి.

ఆ సెల్లర్ సెట్ ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే, చేపలు వేసినా వేయకపోయినా, ఇవాళే ఆ స్టిక్కర్ గీరి చూడండి. చేపలు ఉంటే మాత్రం వేరే కిట్ దొరికేదాకా ఆగకుండా ముందు సగం నీళ్లు మార్చేయండి.