సర్వీస్ కాల్‌కు ఏ చొక్కా? రెండు యూనిఫారాలు ఏడాది వాడిన తర్వాత నా సమీక్ష

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. కంప్యూటర్ సామాను కొనేవాళ్లంతా సీటీసీ అని పిలిచే ఆ భవనానికి కాస్త దూరంలో నాకు చిన్న సర్వీస్ దుకాణం ఉంది. నాతో కలిపి నలుగురం పనిచేస్తాం. మాకు వచ్చే పనిలో సగానికి పైగా ఇళ్లకో ఆఫీసులకో వెళ్లి చేయవలసినదే. నిరుటి వరకు ఎవరికి తోచిన బట్టలు వాళ్లు వేసుకుని వెళ్లేవాళ్లం. ఈ ఏడాదిలో మాత్రం రెండు రకాల యూనిఫారాలు వాడి చూశాం. మొదటిది ఆన్‌లైన్‌లో తెప్పించిన పాలియెస్టర్ కాలర్ టీషర్టు, రెండోది జనరల్ బజార్‌లో నూలు గుడ్డ తీసుకుని టైలర్ దగ్గర కుట్టించిన పొట్టి చేతుల చొక్కా. మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందని రెండింటి గురించీ వివరంగా రాస్తున్నాను.

ముందుగా పాలియెస్టర్ టీషర్టులో ఉన్న మంచి చెప్పాలి. అది చవక, రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరిపోతుంది, ఇస్త్రీ అక్కర్లేదు, దుకాణం పేరు అచ్చు వేయించడం సులువు. ముగ్గురు కుర్రాళ్లు ఒకే రంగు టీషర్టులో బయలుదేరితే చూడటానికి కూడా బాగుండేది. మార్చి వచ్చి గాలి పొడిబారిన తర్వాతే దాని అసలు గుణం బయటపడింది. బండి మీద వెళ్లి, పైన వేసుకున్న విండ్‌చీటర్ విప్పేటప్పుడు టీషర్టు చిటపటలాడేది. ఒక ఆఫీసులో మా కుర్రవాడు కార్పెట్ మీద నడుచుకుంటూ వెళ్లి సీపీయూ మూత మీద చెయ్యి వేయగానే వేలికి చురుక్కుమని తగిలింది. చూసినవాళ్లు కరెంటు షాక్ అనుకుని కంగారుపడ్డారు. అది స్టాటిక్, అంటే రాపిడి వల్ల ఒంట్లో చేరే విద్యుత్తు అని మాకు తెలుసు. మూత తీయక ముందు తగిలింది కాబట్టి సరిపోయింది గానీ, మదర్‌బోర్డు మీద చెయ్యి పెట్టినప్పుడు తగిలితే ఏమయ్యేదో కూడా తెలుసు.

మనిషికి ఆ చురుకు తెలియాలంటే ఒంట్లో సుమారు 3,000 వోల్టుల స్టాటిక్ చేరి ఉండాలి. కొన్ని చిప్‌లు దెబ్బతినడానికి 100 వోల్టుల లోపే చాలు. అంటే మనకు ఏమీ తెలియకుండానే ఒక ర్యామ్‌నో ప్రాసెసర్‌నో పాడు చేయగలం. అలా దెబ్బతిన్న చిప్ అప్పటికప్పుడే చనిపోవాలని కూడా లేదు, కొన్ని వారాలు పనిచేసి తర్వాత ఇబ్బంది పెట్టవచ్చు. అందుకే మణికట్టుకు యాంటీ స్టాటిక్ పట్టీ కట్టుకుంటాం. అందులో 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉంటుంది, అది కట్టుకున్న మనిషి రక్షణ కోసం. అయితే చాలామంది మరచిపోయే సంగతి ఒకటుంది. ఆ పట్టీ ఒంట్లోని ఛార్జీని తీసేస్తుందే గానీ ఒంటి మీద ఉన్న పాలియెస్టర్ గుడ్డలోని ఛార్జీని తీయలేదు, ఎందుకంటే ఆ గుడ్డ గుండా ఛార్జీ పారదు. పట్టీ కట్టుకుని, పొడుగు చేతుల సింథటిక్ చొక్కా వేసుకుని బోర్డు మీదికి వంగితే సగం జాగ్రత్తే తీసుకున్నట్టు.

నూలు గుడ్డ ఇక్కడే గెలిచింది. మామూలు వాతావరణంలో నూలు తన బరువులో దాదాపు 8.5 శాతం తేమను పట్టి ఉంచుకుంటుంది, పాలియెస్టర్‌కు ఆ లెక్క 0.4 శాతమే. ఆ తేమ వల్లనే నూలులో ఛార్జీ ఎక్కువసేపు నిలవదు. చిప్‌లు తయారుచేసే చోట వాడే, కార్బన్ దారం కలిపి నేసిన కోట్లతో నూలు చొక్కా సమానం కాదు, గాలి మరీ పొడిగా ఉన్నప్పుడు నూలును కూడా పూర్తిగా నమ్మకూడదు. కానీ ఇంటింటికీ తిరిగి చేసే పనికి నూలు చొక్కా, మణికట్టు పట్టీ, చేతులు ఆన్చే ముందు ప్లగ్గు తీసిన క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకే అలవాటు, ఈ మూడూ ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది. పొట్టి చేతులే ఎందుకంటే, పొడుగు చేతుల కఫ్ బోర్డు మీద ఒరుసుకుంటుంది, దాని బొత్తాం ఏదో ఒక కేబుల్‌కు తగులుకుంటుంది.

టోనర్ విషయంలో కూడా తేడా కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఒక ఆడిటర్ గారి ఆఫీసులో లేజర్ ప్రింటర్ కార్ట్రిడ్జ్ తీస్తుంటే నల్లపొడి చిమ్మి మా కుర్రవాడి పాలియెస్టర్ టీషర్టు పొట్ట మీద పడింది. దులిపినకొద్దీ రాలిపోకుండా అది గుడ్డకే అతుక్కుని, చేతికి తగిలి, చెయ్యి నుంచి ఆయన తెల్లటి ఫైలు అట్టకు అంటింది. మేం క్షమాపణ చెప్పుకుని అట్ట మార్చి ఇచ్చాం. టోనర్ అంటే మెత్తగా కరిగే ప్లాస్టిక్ పొడి కాబట్టి దాన్ని వేడినీళ్లలో ఉతకకూడదు, వేడి తగిలితే గుడ్డలోకి దిగిపోతుంది. పొడిగా ఉన్నప్పుడే బయటికి వెళ్లి దులుపుకుని, మిగిలిన దాన్ని చన్నీళ్లతో పోగొట్టాలి. ఆ టీషర్టును ఇంట్లో వేడినీళ్లలో నానబెట్టారు, ఆ మచ్చ ఇప్పటికీ పోలేదు.

ఇక బల్ల కింది సంగతి. మా పనిలో నిలబడి ఉండే సమయం తక్కువ. సీపీయూ వెనక కేబుళ్లు పీకడానికి బల్ల కిందికి దూరాలి, ఇంట్లోవాళ్లు వెనకాలే నిలబడి చూస్తుంటారు. పొట్టి టీషర్టు, నడుం కిందికి జారే జీన్స్ వేసుకున్న కుర్రవాడు అలా వంగితే అతనికీ సిగ్గే, చూసేవాళ్లకూ ఇబ్బందే. అందుకే కుట్టించిన చొక్కాల వెనక భాగాన్ని మామూలు కంటే 2 అంగుళాలు పొడుగు పెట్టించాను. ప్యాంటు నడుం మీదికి వచ్చేలా, మోకాళ్ల మీద కూర్చుంటే పట్టేయకుండా కాస్త సాగే నూలు గుడ్డతో కుట్టించాను. బెల్టు బకిల్ వద్దన్నాను. ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని మూత తెరిచేటప్పుడు బకిల్ గీత పడితే ఆ గీతను ఏ కస్టమరూ మరచిపోరు.

జేబుకు మూత, మూతకు బొత్తాం ఉండాలి. వంగినప్పుడు జేబులోని స్క్రూడ్రైవర్ గ్రాఫిక్ కార్డు మీద పడటం నేను కళ్లారా చూశాను. మెడలో వేలాడే ఐడీ కార్డుదీ అదే సమస్య, దాని ఇనుప కొక్కెం తెరిచిన బోర్డు మీద ఆడుతుంటుంది. అది మానేసి, వెనక అయస్కాంతం ఉండే పేరు బిళ్లలు చేయించాం. వారం తిరగకుండానే ఒక ల్యాప్‌టాప్, మావాడు దాన్ని ఛాతీకి ఆనించి పట్టుకున్నప్పుడల్లా నిద్రలోకి జారుకుంది. మూత మూసినట్టు గుర్తించే సెన్సర్ అయస్కాంతానికే స్పందిస్తుంది కదా. అరగంట వెతికిన తర్వాత గానీ తప్పు మా బిళ్లదని తేలలేదు. ఇప్పుడు కార్డును జేబు మూతకే కుట్టిన ప్లాస్టిక్ తొడుగులో పెడుతున్నాం. ఉంగరం, కడియం, ఇనుప గడియారం పని మొదలుపెట్టే ముందు తీసి పెట్టెలో వేయాలని కచ్చితంగా చెప్పాను. ఎస్‌ఎంపీఎస్ (సీపీయూకు కరెంటు అందించే పెట్టె) లోపలి కెపాసిటర్లు ప్లగ్గు తీసిన తర్వాత కూడా ఛార్జీ పట్టి ఉంచుతాయి కాబట్టి దాన్ని ఇంటి దగ్గర విప్పనే విప్పం.

బట్టల గురించి మాట్లాడేవాళ్లు సాక్సులను వదిలేస్తారు. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం బయటే విడుస్తాం కాబట్టి, కస్టమర్ మొదట చూసేది మన సాక్సులనే అని నేను నమ్ముతాను. చిరుగు ఉన్నా, వాసన వచ్చినా ఎంత మంచి చొక్కా వేసుకున్నా లాభం లేదు. ప్రతి ఒక్కరి సంచిలో ఉతికిన జత ఒకటి, చిన్న తువ్వాలు ఒకటి ఉంచుతున్నాం. వానాకాలంలో తడిసిన సాక్సులు మెట్ల మీదే విప్పి, కాళ్లు తుడుచుకుని, పొడివి తొడుక్కుని లోపలికి వెళ్తాం. లేసులు లేని బూట్లు కొనమని కూడా చెప్పాను. ఒకసారి తార్నాకలో ఒంటరిగా ఉండే పెద్దావిడ ఇంటికి నేనే వెళ్లాను. ఆవిడ గ్రిల్ తలుపు తీయకుండానే, "ఎవరు బాబూ?" అని అడిగారు. "కంప్యూటర్ చూడటానికి వచ్చానమ్మా, పొద్దున ఫోన్ చేశారు కదండీ" అంటూ జేబు మీద పేరు చూపించాను. చొక్కా మీద దుకాణం పేరు, కార్డు మీద నా పేరు రెండూ నిదానంగా చదువుకుని, ఆ తర్వాతే గొళ్లెం తీశారు. పేరు అక్షరాలు పెద్దవిగా, తెలుగులో కూడా ఉండాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

కార్తీక మాసం నుంచి మకరజ్యోతి వరకు యూనిఫారం నియమానికి మినహాయింపు ఉంది. మా వాళ్లలో ఒకరు ఏటా అయ్యప్ప మాల వేసుకుంటారు. మండలం 41 రోజులూ నల్లబట్టలే, కాళ్లకు చెప్పులుండవు. ఆ రోజుల్లో అతనికి అదే కొలతలతో నల్ల నూలు చొక్కా కుట్టించాను, జేబు, కార్డు మామూలే. చాలా ఇళ్లలో "రండి స్వామీ" అని పిలిచి, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు ఇచ్చి, కుర్చీ వేస్తారు. మెడలోని మాలను మాత్రం బోర్డు మీదికి వంగే ముందు చొక్కా లోపలికి వేసుకోమని చెప్పాం.

నూలు చొక్కాలో లోపాలు లేకపోలేదు. ఒక్కోదానికి గుడ్డ, కుట్టుకూలి కలిపితే టీషర్టుకు దాదాపు రెట్టింపు అయింది. ఇస్త్రీ లేకపోతే మధ్యాహ్నానికే నలిగి కనిపిస్తుంది. మొదటి విడతలో గుడ్డ తడపకుండా కుట్టించడం నా పొరపాటు, మొదటి ఉతుకుకే పొడవు తగ్గి, అడిగి పెట్టించిన 2 అంగుళాల్లో కొంత పోయింది. లేత నీలం రంగు మీద ప్రాసెసర్ మీద పూసే థర్మల్ పేస్ట్ మరక వెంటనే కనిపిస్తుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో అప్పుడే తుడిస్తేనే పోతుంది. ఇవన్నీ లెక్క వేసుకున్నా ఐదుకు నాలుగు మార్కులు నూలు చొక్కాకే వేస్తాను. పాలియెస్టర్ టీషర్టుకు రెండే వేస్తాను, అదీ కేబుల్ లాగడం, కెమెరాలు బిగించడం వంటి, బోర్డు ముట్టుకోని పనులకు మాత్రమే.

రెండో విడతకు ముదురు బూడిదరంగు నూలు తీసుకున్నాను. ఈసారి గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, నిన్ననే టైలర్‌కు ఇచ్చి వచ్చాను. మనిషికి మూడు చొప్పున పన్నెండు చొక్కాలు, జేబు మూతలకు ప్లాస్టిక్ బొత్తాలు, వెనక పొడవు తగ్గకూడదని కాగితం మీద రాసి గుడ్డకు పిన్ను పెట్టాను.