కేప్‌టౌన్ డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం: తప్పకుండా వెళ్ళండి, కానీ టూర్ బస్సోళ్ళతో వద్దు

5కి 5 ఇచ్చేస్తున్నా. బ్యూటెన్‌కాంట్ స్ట్రీట్‌లో పాత మెథడిస్ట్ చర్చిలో ఉంటుంది, బయట్నుంచి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది, ఫొటోల పిచ్చి ఉన్నోళ్ళు నేరుగా టేబుల్ మౌంటెన్‌కి పొండి. మేం ముందు ఏదో ప్యాకేజీ బస్సులో వెళ్ళాం, వాడేమో సగం చూడకముందే ఎక్కండెక్కండి అని హారన్ మోత, చిరాకొచ్చి మర్నాడు మళ్ళీ సొంతంగా వెళ్ళాం.

గైడ్‌తో ఉన్న టికెట్టే అడగండి, ఒకప్పుడు డిస్ట్రిక్ట్ సిక్స్ అనే ఆ పేటలో కాపురమున్నవాళ్ళే తిప్పి చూపిస్తారు. నేల మీద పేద్ద మ్యాపు, ఎవరిల్లు ఎక్కడుండేదో పాతకాపులే వచ్చి పేర్లు రాసుకున్నారు. మా గైడ్ పెద్దాయన ఆ మ్యాపులో హానోవర్ స్ట్రీట్ మీద నిలబడి ఇదిగో ఇక్కడ చేపల మార్కెట్ అని బూటు కొనతో చూపిస్తుంటే నాకు మాట రాలేదు. 1966లో అప్పటి దక్షిణాఫ్రికా వర్ణవివక్ష (అపార్థైడ్) ప్రభుత్వం ఈ పేట తెల్లోళ్ళకే అని ప్రకటించి 60 వేల మందికి పైగా జనాన్ని ఊరి బయట కేప్ ఫ్లాట్స్ అనే ఇసుక నేలల్లోకి తోలేసి ఇళ్ళు నేలమట్టం చేశారు. వాళ్ళలో ఎక్కువమంది కలర్డ్, అంటే తరతరాలుగా రక్తాలు కలిసిన కుటుంబాలు.

అసలు కథ అక్కడే ఉంది. 1950 నాటి జనాభా నమోదు చట్టం ప్రకారం ప్రతి మనిషికీ ఒక జాతి రాయాల్సిందే, మరి అన్నీ కలిసి పుట్టిన పిల్లని ఏ గడిలో వేస్తారు? మొహం చూసి, ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటున్నారో చూసి, ఇంకా డౌటొస్తే జుట్టులో పెన్సిల్ దూర్చి జారిపడుతుందా ఇరుక్కుంటుందా అని చూసేవాళ్ళట!! ఒకే తల్లి పిల్లలు వేరే వేరే జాతుల్లో పడ్డారు. మనిళ్ళల్లో అక్క తెల్లగా చెల్లి చామనఛాయగా పుడితే చుట్టాలు ఓ మాటనేసి పోతారు (అదీ దరిద్రమే అనుకోండి), అక్కడ మాత్రం స్కూలు, బస్సు, బీచ్, చివరికి ఎవర్ని చేసుకోవాలో కూడా మారిపోయేది. 1959లో కలర్డ్ లోపలే మళ్ళీ ఏడు రకాలు చేశారు, ఇండియన్ అందులో ఒకటి, అంటే 1860 తర్వాత అక్కడి నాటాల్ ప్రాంతం చెరుకు తోటలకి కూలికెళ్ళిన మన తెలుగోళ్ళ మనవలూ ఆ లెక్కలోకే వచ్చారు.

అట్నుంచి నడుచుకుంటూ క్వీన్ విక్టోరియా స్ట్రీట్‌కి వెళ్ళండి, హైకోర్టు అనెక్స్ ముందు ఆ రోజులకి గుర్తుగా పెట్టిన రెండు బెంచీలుంటాయి, ఒకటి వైట్స్ ఓన్లీ, ఒకటి నాన్ వైట్స్ ఓన్లీ. నా జాతి తప్పు రాశారు మహాప్రభో అని జనం అప్పీలుకెళ్తే విచారణ జరిగింది ఆ బిల్డింగ్‌లోనే. చాలామంది అదేంటో తెలీకుండానే సెల్ఫీ దిగి పోతున్నారు. చిన్నపిల్లలకి మ్యూజియం బోరే, టెన్త్ దాటినోళ్ళనైతే తీసుకెళ్ళండి, టైమింగ్స్ మాత్రం ముందే చూసుకోండి.